పేరు చెప్పినోళ్ళ సిద్దక్క

సిద్దక్క నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. దోణిమలై బస్టాండు పక్కన ఆమె ఉగ్గాని, బజ్జీల బండి దగ్గర పద్దెనిమిదేళ్ళుగా తింటున్నాను. చిదానంద అన్న పేరు నోరు తిరగనంత గొప్పదేం కాదు. అయినా ఆమెకు నేను 'దుర్బీన్ అప్ప'నే. గనుల్లో సర్వేయరుగా ఉన్నన్నాళ్ళూ మూడుకాళ్ళ స్టాండు మీద గొట్టం బిగించి, ఒంటికన్నుతో కొండల్ని చూస్తూ ఉండేవాణ్ణి. ఉద్యోగం అయిపోయి నాలుగేళ్ళయినా బిరుదు మాత్రం ఊడలేదు. కండక్టరు ఆమెకు 'సీటీ అప్ప'. పోస్టాఫీసులో పనిచేసే పిల్ల 'ముద్రమ్మ'. చక్కెర లేకుండా టీ అడిగే హెడ్‌మాస్టరు 'చప్పిడి అప్ప'. ఊరందరికీ పేర్లు పెట్టింది గానీ, ఎవరి అసలు పేరూ ఆమె నోట రాదు.

చాలాకాలం అది సరదా అనుకున్నాను. కాదని తెలుసుకోవడానికి ఒక పాత వేట పుస్తకం అవసరమైంది.

ముందు ఆమె సంగతి కొంచెం చెప్పాలి. సిద్దక్కకు డెబ్బై దాటాయి. తెలుగువాళ్ళే, ఎన్ని తరాల కిందట కన్నడ సీమలోని ఈ కొండల కిందికి వచ్చారో వాళ్ళకే తెలియదు. పుట్టింది గుండ్లవంకలో. కొండకు అవతలి పక్క ముప్పై ఇళ్ళ పల్లె అది. పెళ్ళయ్యాక ఇనుపరాయి కొట్టే పనికి చేరింది. అప్పట్లో రాయిని సుత్తితో కొట్టి, జల్లెడ పట్టి, గంపలకెత్తేది ఆడవాళ్ళే. మొగుడు లారీ క్లీనరు, నలభై ఏళ్ళకే పోయాడు. ఒక్కతే కూతురు నేత్రావతి, బళ్ళారిలో నర్సు. యార్డులో ఒకసారి ఇనుప పలుగులు మాయమయ్యాయి. ఎవరు ఎత్తుకుపోయారో సిద్దక్క కళ్ళారా చూసింది. మేస్త్రి అడిగాడు, బతిమాలాడు, బెదిరించాడు. ఆమె నోరు విప్పలేదు. దొంగ హాయిగా పనిలో ఉన్నాడు, ఆమెను మాత్రం పంపించేశారు. ఆ మర్నాడే బాణలి కొని బజ్జీల బండి పెట్టింది.

"చెప్పేస్తే పొయ్యేది కదక్కా" అన్నాను ఒకసారి.

"మా ఇంట్లో ఒకసారి చెప్పినారనిపిచ్చుకునింది చాలప్పా" అంది. అంతకుమించి ఎంత గుచ్చినా మాట రాలేదు.

ఇక నా సంగతి. నాకు పులి అంటే భయం, పులి కథంటే ప్రాణం. బళ్ళారిలో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలమ్మే చోట అట్ట చిరిగిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. రైలుకట్ట పని మీద వచ్చిన ఒక ఇంగ్లీషు దొర, వేటాడిన పులుల గురించి రాసుకున్న కథలు. పల్లెల్లో ఆయన్ను 'రైలు దొర' అనేవాళ్ళట. మిగతా కథలు ఎక్కడెక్కడివో గానీ, ఒక పెద్ద కథ మాత్రం మన సండూరు కొండల్లోదే, 1937 నాటిది. ఏ గుట్ట ఎక్కాడు, ఏ వంక దాటాడు, మంచె ఏ చెట్టుకు కట్టించాడు, అన్నీ రాశాడు. రిటైరయ్యాక ఆ చోట్లన్నీ వెతికి చూడాలని బుద్ధి పుట్టింది. "జీతమిచ్చి కొండలు కొలవమన్నప్పుడు నడుం నొప్పన్నారు, ఇప్పుడు సొంత పెట్రోలు పోసుకుని తిరుగుతారా" అంది మా ఆవిడ. సమాధానం చెప్పే ధైర్యం లేక బండి స్టార్ట్ చేశాను.

తిరిగి చూస్తే తెలిసింది, దొర రాసిన చోట్లలో సగం ఇప్పుడు లేనేలేవు. ఆయన మొదటిసారి పులిని చూసిన గుట్ట ఉండాల్సిన చోట మెట్లు మెట్లుగా దిగిన ఎర్రటి గుంత ఉంది. ఆ గుట్ట మీద మొదటి సున్నం గీత గీయించినవాణ్ణి నేనే. ఆ జీతంతోనే పిల్లల్ని చదివించాను, కాదనను. కానీ పుస్తకం చేతిలో పట్టుకుని ఆ గుంత అంచున నిలబడితే సిగ్గేసింది. పులిని చంపినవాడు కనీసం కథైనా రాశాడు. గుట్టను చంపిన నేను రిపోర్టు మాత్రమే రాశాను.

చివరికి ఒక్క చోటు మిగిలింది. దొర దాన్ని 'జాలీ గూండం' అని రాశాడు. జాలిగుండం అన్నమాట. ఈ మాటకు 'దయగల మడుగు' అని అర్థమట, పూర్వం ఎవరో ఆడమనిషి అందులో మునిగిపోతే లోకం జాలిపడిందట. ఇదంతా తన దుబాసీ చెప్పాడని రాసుకున్నాడు. ఆ దుబాసీ బందరు వైపు నుంచి వచ్చిన గుమాస్తా. చదువుతుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎంత మంచి పేరు అనుకున్నాను.

ఒక ఉదయం బజ్జీలు తింటూ సిద్దక్కను అడిగాను. "జాలిగుండం అని ఒక చోటుందట, ఎక్కడో తెలుసా అక్కా? జాలిపడి పెట్టిన పేరట."

ఆమె గరిటె ఆపి నా మొహం చూసింది. "జాలి ఏంది, గీలి ఏంది? కన్నడంలో జాలి అంటే తుమ్మచెట్టు గదప్పా. గుండం సుట్టూ తుమ్మచెట్లుండాయి, అందుకని జాలిగుండం. ఇన్నేండ్లు ఈడ నీళ్ళు తాగి ఇది తెల్దా నీకు?"

తెలుసు. ఎందుకు తెలియదు? నేను పుట్టింది కంప్లిలో, కన్నడ బడిలో చదివాను. కానీ అచ్చులో కనబడ్డ మాట ముందు మనకు తెలిసిన మాట వెనక్కి పోతుంది. అది నా తెలివితక్కువతనం అనుకుని నవ్వేసి ఊరుకున్నాను. అప్పుడే కొంచెం ఆలోచించి ఉంటే తర్వాత ఆమెను అంత బాధపెట్టేవాణ్ణి కాదు.

"ఆ గుండం సంగతి నీకెవురు చెప్పిరి?" అంది.

"ఈ పుస్తకం. దొరకు అడుగుజాడలు చూపించినవాడు ఒకడున్నాడు, గుండ్లవంక దేవప్ప అని."

బాణలిలో బజ్జీలు నల్లబడుతున్నా ఆమె తియ్యలేదు. నేనే పొయ్యి తగ్గించాను.

"ఆయప్ప మా తాత" అంది.

ఆ పూట బేరం సన్నబడ్డాక, స్టూలు మీద కూర్చుని తనంతట తనే చెప్పింది.

"దొరొచ్చిన ఏడు అడివిలో కట్టెలు కొట్టే మనిషి సచ్చిపోయినాడప్పా. గుండం కాడ పడుండాడు. దొర మా తాతను పిలిపిచ్చి ఎవురు సంపినారని అడిగినాడంట. రెండో పొద్దుకే పోలీసులొచ్చి మా తాత పెదనాయన్ను పట్టకపోయిరి. 'నీ తమ్ముని కొడుకే చెప్పినాడు, మా పెదనాయన పని అని' అనిరి. పెద్ద మనిషి, ఎవురి మొగం గూడా ఎత్తి సూడని మనిషి. ఇరవై పొద్దులు బళ్ళారి జైల్లో ఉండె. ఆపైన ఇంకో మనిషిని కూడా అదే కొట్టింది. దొర దాన్ని కాల్సినాడు. ఆయన్ను ఇడిసిపెట్టిరి."

"మరింకేం, నిజం తేలింది కదా."

"అది సంపిందని తేలె. మా తాత పేరు చెప్పలేదని యాడ తేలె?" అంది. "పెదనాయన తిరిగొచ్చి ఒకటే మాటన్యాడంట. 'అడివిలోది ఆకలికి కొట్టింది. వీడు కడుపు నిండి చెప్పినాడు.' ఆ పొద్దు నుంచి మాకు పేరు చెప్పినోళ్ళు అని పేరు. ఇంటి పేరు మరిసిపోయిరి జనం. నన్ను సూసేకి వచ్చిన పెండ్లోళ్ళు కూడా, పేరు చెప్పినోళ్ళ పిల్లనా అని లేసిపోయిరి, ఇద్దరు."

జైలుకు వెళ్ళినాయన పేరు సోమప్ప. ఇప్పుడు ఆ ఇంటికి పెద్ద, ఆయన మనవడు ఉచ్చెంగెప్ప. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, వరసకు సిద్దక్కకు చిన్నాయన. గుండ్లవంకలోనే ఉంటాడు. ఏటా పెద్దల అమాసకు వంశంలో వాళ్ళంతా ఆ ఇంట్లో చేరతారు. చనిపోయిన పెద్దల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ, ఆకులో ఒక్కో ముద్ద పెడతాడు ఉచ్చెంగెప్ప. పద్నాలుగు పేర్లు. పద్నాలుగోది అయ్యాక చేతులు కడుక్కుంటాడు. సిద్దక్క ఏటా వెళ్తుంది. వాకిట్లో పిండి రుబ్బుతుంది, అంట్లు తోముతుంది, గడప బయట నిలబడి ఆ పద్నాలుగు పేర్లూ వింటుంది. అందులో దేవప్ప ఉండడు. పేరు చెప్పినవాడి పేరు ఎవరూ చెప్పరట.

"మా తాత సచ్చేదంకా ఒకటే మాట. 'నేను పెదనాయన మాటే ఎత్తలేదు' అని. చెవుడొచ్చి, మనమేమంటాండామో కూడా ఇనపడని పొద్దుల్లో కూడా, ఊరికే కూసోని అదే చెప్పేవాడు. మా నాయన నమ్మినాడు. నేనూ నమ్మినా. నేను పొయ్యేలోగా ఆయప్పకు ఒక ముద్ద, ఒక పిలుపు దొరకాల. అంతే నాకు కావల్సింది." ఆమె పుస్తకం వైపు చూసింది. "దాంట్లో ఏమి రాసిందో చదివి చెప్పప్పా. దొరకు అబద్దం రాసే పనేముండాది?"

నేనెంత మూర్ఖుణ్ణంటే, అక్కడికక్కడే పేజీ తీశాను. ఇంగ్లీషు చూసి తెలుగులో చెబుతూ పోయాను. రాత్రి వాన పడి అడుగుజాడలు కొట్టుకుపోయాయి, దొరకు పులి పనేనని నమ్మకం కుదరలేదు. గుండం ఒడ్డున, శవం పక్కనే నిలబడి, ఇది ఎవరి పని అని దుబాసీ చేత అడిగించాడు. "దేవప్ప చేతులు కట్టుకుని, తల దించుకుని, గుసగుసగా, మా పెదనాయన పని, పెదనాయన పని అని మూడుసార్లు చెప్పాడు అని రాశాడక్కా" అన్నాను.

సిద్దక్క పొయ్యి ఆర్పి, బాణలి మీద మూత పెట్టి, బండికి గుడ్డ కప్పింది. పట్టపగలు పదకొండు గంటలకు ఆ బండి మూతపడటం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడూ తెరవలేదు. ఆ మర్నాడూ లేదు. 'దుర్బీన్ అప్ప ఏందో చదివినాడంట' అని బస్టాండులో అందరూ నన్నే చూశారు. ఎనభై ఏళ్ళకు పైగా నోటిమాట మీద ఆధారపడి బతికిన నమ్మకాన్ని నేను రెండు నిమిషాల్లో అచ్చు చూపించి తుడిచేశాను. ఆ పుస్తకాన్ని గుంతలో పారేద్దామనిపించింది.

మూడోనాడు ఆమే మా ఇంటికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "జాలిగుండం సూపిస్తా, బండి తియ్యి" అంది.

"ఇప్పుడెందుకక్కా?"

"ఆయప్ప యాడ నిలబడి ఆ మాట అన్యాడో ఆ చోటు సూడల్ల. చిన్నప్పుడు కట్టెలకు పోతాంటిమి గానీ, నీళ్ళు తాగి వస్తాంటిమంతే. ఎందుకన్యాడో ఆడికి పోతేనైనా తెలుస్తాదేమో."

ఫారెస్టు వాచర్ ఆమె బజ్జీలు తిని పెరిగినవాడే, అతనితో చెప్పి లోపలికి వెళ్ళాం. కల్వర్టు దాకా బండి, అక్కడి నుంచి గంట నడక. భాద్రపదం వానలకు బోదగడ్డి నడుం ఎత్తు పెరిగింది. సిద్దక్క కొంగు బిగించి ముందు నడిచింది. నా దగ్గర జీపీఎస్ ఉన్న ఫోనుంది, ఆమె దగ్గర చేతికర్ర ఉంది. దారి తప్పినప్పుడల్లా నా ఫోనే తప్పింది.

గుండం పుస్తకంలో రాసినంత పెద్దది కాదు. రెండు బండల మధ్య పచ్చని నీళ్ళు, చుట్టూ తుమ్మచెట్లు. దొర మంచె కట్టించిన చెట్టు ఇది కావచ్చు, అది కావచ్చు అని నేను పుస్తకం తిప్పుతున్నాను. ఇన్నాళ్ళకు ఒక చోటు చెక్కుచెదరకుండా దొరికినందుకు నాకు సంతోషంగా ఉంది, ఆ సంతోషానికి నా మీద నాకే కోపంగా కూడా ఉంది. సిద్దక్క నీటి ఒడ్డున బురదలోకి వంగి చూస్తోంది. చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దగ్గరికి వెళ్ళి చూశాను. బురదలో నా అరచెయ్యంత అచ్చు, గోళ్ళ గుర్తులు లేకుండా, గుండ్రంగా. నీళ్ళు ఇంకా అందులోకి ఊరుతున్నాయి. చిరుత. ఈ కొండల్లో పెద్దపులులు పోయి ఎన్నో ఏళ్ళయింది గానీ చిరుతలున్నాయి.

సిద్దక్క గుసగుసగా అంది: "దొడ్డప్ప నీళ్ళు తాగి పోయినాడు."

"ఎవరు?" అన్నాను.

"దొడ్డప్ప. ఇప్పుడే పోయినాడు. పద, పద."

"దొడ్డప్ప ఎవరక్కా? ఇది చి..."

ఆమె చేతికర్ర నా మోకాలికి తగిలింది, మెల్లగా కాదు. "నోరు ముయ్యప్పా. ఈడ అడగద్దు. ఈడ అడిగితే నేను చెప్పేది లేదు. రోడ్డెక్కినంక అడుగు."

గంట నడక. నా జీవితంలో అంత పొడుగు గంట లేదు. నాలుగుసార్లు నోరు తెరిచాను. నాలుగుసార్లూ ఆమె వెనక్కి తిరిగి చూసిన చూపుకు మూసుకున్నాను. ఆ నడకలోనే నాకు విషయం సగం తెలిసిపోయింది. దేవప్పను అడిగింది ఎక్కడ? గుండం ఒడ్డున. అడివిలో.

కల్వర్టు మీద కూర్చున్నాక సిద్దక్క ఊపిరి తీసుకుని చెప్పింది. "అడివిలో దాని పేరు ఎత్తగూడదప్పా. ఎత్తితే పిలిసినట్ల. అందుకని దొడ్డప్ప అంటాం. మా తాత నేర్పిచ్చింది. కట్టెలకు పొయ్యేటప్పుడు ఆడోళ్ళు, మొగోళ్ళు, కన్నడమోళ్ళు, మనోళ్ళు, అందరూ అదే మాట. పెద్దపులి ఉన్న కాలంలో దానికి, ఇప్పుడు చిరతకు. కన్నడంలో పెదనాయన్ను అట్ల అంటారు గానీ, మన ఇండ్లల్లో ఎవురూ అనరు. మనకు పెదనాయన పెదనాయనే గదా."

నేను సంచిలోంచి పుస్తకం తీశాను. తొందరలో పేజీ దొరకలేదు. దొరికాక, ఈసారి తెలుగు చెయ్యకుండా, అక్కడ ఉన్నది ఉన్నట్టు చదివాను.

"దొడ్డప్ప, దొడ్డప్ప, దొడ్డప్ప."

దాని కిందే దొర రాశాడు: దొడ్డప్ప అంటే తండ్రికి అన్న అని నా గుమాస్తా ఎవరినో అడిగి తెలుసుకుని నాకు చెప్పాడు, అని. తుమ్మను దయగా మార్చినవాడే ఆ గుమాస్తా. పులిని పెదనాయన చేశాడు. పోలీసులు వచ్చి ఆ పెదనాయన్ను పట్టుకుపోయారు. తన నోటి నుంచి వచ్చిన ఏ మాట తన పెద్దలకు ద్రోహమైందో దేవప్పకు చచ్చేదాకా తెలియదు. 'పెదనాయన మాటే ఎత్తలేదు' అన్నాడు. ఎత్తలేదు మరి.

ఆ గుమాస్తాది ఈ నేల కాదు, ఈ భాష రాదు. నాకేమైంది? అదే పేజీ, అదే మాట నా కళ్ళ ముందున్నా, కన్నడం వచ్చినవాణ్ణి, చక్కటి తెలుగులో 'మా పెదనాయన పని' అని చదివి వినిపించాను. 'మా' అన్నది ఆ పుస్తకంలో లేనే లేదు. అది నేను కలిపింది. ఈ సంగతి సిద్దక్కకు చెప్పేశాను. దాచడం నా వల్ల కాలేదు.

ఆమె నన్ను తిట్టలేదు. "యాడుందో చూపించు" అంది. నా వేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టించుకుని, తర్వాత తన వేలు పెట్టింది. ఇంగ్లీషు కాదు కదా, ఆమెకు ఏ అక్షరమూ రాదు. "మూడుమార్లు ఉండాదా?"

"మూడు."

ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి తడిమింది. కల్వర్టు మీదే కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. లారీలు వెళ్తూ ఎర్రదుమ్ము పోస్తున్నా ఇద్దరం లేవలేదు.

అమాస ఇంకా ఆరు రోజులుంది. ఆ సాయంత్రమే గుండ్లవంక వెళ్ళాం. ఉచ్చెంగెప్ప వాకిట్లో నులకమంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. సిద్దక్క అలవాటు ప్రకారం గడపకు ఇవతలే నిలబడింది. నేను పుస్తకం తెరిచి మొత్తం చెప్పాను. సర్వే రిపోర్టు చదివినట్టు, ఏదీ కలపకుండా, ఏదీ వదలకుండా.

ఆయన కాయలు ఒలవడం ఆపలేదు. "పుస్తకంలో ఏమైనా రాస్తారు. దొర రాస్తే నిజమైతాదా? ఆ దొరే గదా మా తాతను జైల్లో పెట్టిచ్చింది."

నాకు నిజమే కదా అనిపించింది. ఒక అచ్చుతో పోయిన నమ్మకాన్ని ఇంకో అచ్చుతో ఎలా తెస్తాం?

సిద్దక్క అడిగింది. "పుస్తకం పక్కన పెట్టు చిన్నాయనా. నువ్వు చిన్నప్పుడు కట్టెలకు ఈ కొండ గట్టెక్కలేదా? గట్టు మీద దాన్ని ఏమంటాంటిరి?"

కాయ ఒలిచే వేళ్ళు ఆగాయి.

"బసవడని పక్కింటి పిలగాడు" అన్నాడు చివరికి. "కన్నడమోళ్ళు. సీతాఫలాలకు పోయింటిమి, వాళ్ళ దొడ్డప్ప కూడా వచ్చింటె. వీడు గట్టు మీద నిలబడి, దొడ్డప్పా, దొడ్డప్పా అని కేకేసినాడు. మా తాత యాడున్యాడో, ఉరికొచ్చి వాని చెంప పగలగొట్టె. 'అడివిలో ఆ మాటతో పిలుస్తావేమిరా, ఇంకోడు పలుకుతాడు' అనె." ఆయన చేతిలో కాయ పక్కన పెట్టాడు. "మా తాతకూ తెలుసు ఆ మాట. ఆయనకు పోలీసోళ్ళు పెదనాయన అని చెప్పిరి. దొడ్డప్ప అని ఒక్కరు ఉన్నదున్నట్ల చెప్పింటే, అప్పుడే నవ్వేసి ఇంటికి పిలిసేవాడు గదమ్మే తమ్ముని కొడుకును."

ఆయన అమాసకు పేరు పిలుస్తానని గానీ, పిలవనని గానీ చెప్పలేదు. తిరిగి వస్తుంటే బండి మీద వెనక కూర్చుని, "ముసిలోడు ఒప్పుకుంటాడా దుర్బీన్ అప్పా?" అని నాలుగుసార్లు అడిగింది. తెలియదని నాలుగుసార్లు చెప్పాను.

అమాస నాడు నన్నూ రమ్మంది. వంశం వాణ్ణి కాదు కాబట్టి వాకిట్లో కూర్చున్నాను. నేత్రావతి కూడా సెలవు పెట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు దాటాక లోపల ఆకులు వేశారు. సిద్దక్క చేతులు కడుక్కుని, గడప బయట తన చోట నిలబడింది. తలుపు బార్లా తీసి ఉంది, లోపల ఉచ్చెంగెప్ప వీపు కనిపిస్తోంది.

ఆయన పిలవడం మొదలుపెట్టాడు. పేరు, పేరు వెనక 'తినిపో', ఆకులో ముద్ద. సోమప్ప తాత పేరు వచ్చినప్పుడు కాస్త ఆగాడు, మళ్ళీ సాగాడు. సిద్దక్క వేళ్ళు మడుస్తోంది. పది. పన్నెండు. పద్నాలుగు. పద్నాలుగో ముద్ద పెట్టాడు. ఎప్పట్లాగే కోడలు చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చింది.

ఆయన చెయ్యి చాపలేదు. ఇంకో ఆకు అడిగాడు. దాన్ని సోమప్ప ఆకు పక్కనే వేసి, ముద్ద కలిపి చేతిలో పట్టుకున్నాడు. ఎనభై ఏళ్ళు ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరు. ఆయన నాలుకకు అది తిరగలేదో, సిగ్గే అడ్డం వచ్చిందో, గొణిగినట్టు పలికాడు. "దేవప్పా. తినిపో."

సిద్దక్క ద్వారబంధం పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గడప దాటి, ఒక అడుగు లోపల పెట్టి అంది:

"చిన్నాయనా, తాతకు చెవుడు. కొంచెం గట్టిగా పిలువు."

ఉచ్చెంగెప్ప తల వెనక్కి తిప్పి ఆమెను చూశాడు. మళ్ళీ ఆకు వైపు తిరిగి, వీపు నిటారుగా పెట్టి, పొలంలో అవతలి గట్టు మీది మనిషిని పిలిచినంత గట్టిగా పిలిచాడు. "దేవప్పా. వచ్చి తినిపో." పక్కింటి వాళ్ళు బయటికి వచ్చి చూశారు. ఆయన ఆగకుండా మూడోసారి కూడా పిలిచాడు.

"చాలు చిన్నాయనా" అంది సిద్దక్క. "ఇనపడింటాది."